బారింగ్టనా, వాక్సా, హోబర్ట్ అచ్చా: ద్వీపాంతర ఖైదీల తొలి ముద్రణల్లో దేనికి డబ్బు పెట్టాలి?

1788లో మొదటి ఓడల బారు సిడ్నీ కోవ్‌లో లంగరు వేసింది మొదలు 1868లో చివరి ఓడ పశ్చిమ ఆస్ట్రేలియా తీరం చేరేదాకా, బ్రిటన్ దాదాపు 1,60,000 మందిని ఆస్ట్రేలియాకు ద్వీపాంతరవాస శిక్ష మీద తోలింది. వాళ్ళలో తమ కథను అచ్చులో చూసుకున్నవాళ్ళు చాలా కొద్దిమంది. ఆ కొద్ది పుస్తకాల తొలి ముద్రణల కోసమే ఇవాళ లండన్‌లో, సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో వేలంపాటల్లో పోటీ పడుతుంటారు.

సిడ్నీ పడమటి శివార్లలో ఇళ్ళు కొనుక్కుని స్థిరపడ్డ తెలుగువాళ్ళకు ఈ పుస్తకాలు దూరపు సంగతులేమీ కావు. ఇప్పుడు మనవాళ్ళు ఉంటున్న తూంగాబీ 1791లో ఖైదీల చేత అడవి కొట్టించి సాగు చేయించిన సర్కారు పొలం. పక్కనున్న పారమటాలో కొన్నాళ్ళకు ప్రధాన కానిస్టేబుల్ అయినవాడు లండన్‌లో పేరుమోసిన జేబుదొంగ. రోజూ రైల్లో దాటిపోయే స్టేషన్ల పేర్లు రెండువందల ఏళ్ళ నాటి పుటల్లో కనిపిస్తే ఆ పుస్తకం సొంతం చేసుకోవాలనిపించడం సహజమే.

అయితే కొనబోయే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఈ సరుకులో ‘తొలి’ అనే మాటకు విలువ తెచ్చేవి మూడు: పుస్తకం వయసు, రాసిన చెయ్యి, అచ్చు వేసిన ఊరు. మూడూ ఒకే పుస్తకంలో కలిసి రావడం మహా అరుదు. వచ్చినా అది మనబోటివాళ్ళ చేతికి అందదు. వయసు కోసం వెళితే చెయ్యి నకిలీది కావచ్చు. చెయ్యి కోసం వెళితే అచ్చు లండన్‌ది అవుతుంది. ఊరు కోసం వెళితే ఇల్లు తాకట్టు పెట్టాలి. ఈ మూడింటిలో చేతికే మొదటి ఓటు వేయమంటాను. ఎందుకో బారింగ్టన్‌తో మొదలుపెడితే తేలిగ్గా అర్థమవుతుంది.

బారింగ్టన్: పేరు ఒకరిది, రాత ఇంకొకరిది

జార్జ్ బారింగ్టన్ ఐర్లండులో పుట్టి, లండన్ నాటకశాలల్లో, గుర్రప్పందాల్లో పెద్దమనుషుల జేబులు కొట్టి పత్రికలకెక్కిన దొంగ. ఎన్‌ఫీల్డ్ పందాల దగ్గర బంగారు గడియారం కాజేసిన కేసులో 1790లో ఓల్డ్ బెయిలీ కోర్టు ఏడేళ్ళ ద్వీపాంతరం విధించింది. 1791లో ‘యాక్టివ్’ అనే ఓడలో వచ్చాడు, తూంగాబీలో పనిచేశాడు, మంచి నడవడికకు క్షమాభిక్ష పొందాడు, పారమటాలో పోలీసు ఉద్యోగం చేశాడు, చివర్లో మతి చలించి 1804లో పోయాడు.

ఇంతవరకు నిజం. 1795లో లండన్‌లో అతని పేరుతో వెలువడిన న్యూ సౌత్ వేల్స్ సముద్రయాన కథ మాత్రం అతను రాసింది కాదు. గవర్నర్లూ అధికారులూ అంతకుముందే అచ్చు వేయించుకున్న వృత్తాంతాల నుంచి ముక్కలు కోసి, మధ్యలో ఓడ మీద తిరుగుబాటును బారింగ్టన్ ఒంటిచేత్తో అణిచినట్టు ఒక వీరగాథ అతికించి, దొంగ పేరు మీద అమ్ముకున్నారు పుస్తక వ్యాపారులు. ‘దేశం మేలు కోరే దేశం వదిలి వచ్చాం’ అని ఖైదీలు నాటకం ముందు చదివారని ప్రసిద్ధికెక్కిన పద్యాన్ని కూడా అతనికే అంటగట్టారు. అదీ అతనిది కాదు. 1802లో వచ్చిన రంగుల బొమ్మల ‘న్యూ సౌత్ వేల్స్ చరిత్ర’ కూడా చాలావరకు ఆ వలసలో న్యాయాధికారిగా పనిచేసిన డేవిడ్ కాలిన్స్ గ్రంథం నుంచి ఎత్తుకున్నదే.

మరి కొనకూడదా? కొనవచ్చు, ఏం కొంటున్నారో తెలిసి కొంటే. పద్దెనిమిదో శతాబ్దపు అచ్చు, ఆస్ట్రేలియా వలస తొలినాళ్ళ ఊసు, ఖైదీ పేరు, ఈ మూడూ ఒక మోస్తరు ధరకు కలిసి దొరికేది బారింగ్టన్‌లోనే. ఆ కాలంలో విపరీతంగా అమ్ముడుపోయింది కాబట్టి ఇప్పటికీ ప్రతులు బజారులోకి వస్తూనే ఉంటాయి. బొమ్మలంటే ఇష్టమున్నవాళ్ళకు 1802 పుస్తకం కంటికి విందు. పక్షులూ ఆదివాసులూ ఉన్న ఆ బొమ్మలకు చేత్తో రంగులు వేశారు, అందువల్ల ఏ రెండు ప్రతుల్లోనూ రంగు అచ్చంగా ఒకేలా ఉండదు.

చిక్కు మరోచోట ఉంది. బారింగ్టన్ పేరుతో వచ్చినన్ని రకాలు ఇంకెవరి పేరుతోనూ రాలేదు. లండన్‌లోనే శీర్షిక మార్చి మార్చి వేశారు. ఫిలడెల్ఫియాలో అచ్చయింది, పారిస్‌లో ఫ్రెంచి అయింది, తేదీ లేని చిన్న పుస్తకాలుగా సంతల్లో అమ్ముడైంది. ఇందులో ‘తొలి ముద్రణ’ అని అమ్మకందారు అంటే, ఏ శీర్షికకు తొలి, ఏ ఊరికి తొలి, అని అడగండి. జవాబు నసిగితే వచ్చిన దారిన తిరిగి వెళ్ళండి.

వాక్స్: అబద్ధాలకోరే, కానీ చెయ్యి అతనిదే

అదే డబ్బుకు, లేదా ఇంకాస్త కలిపితే, జేమ్స్ హార్డీ వాక్స్ ఆత్మకథ దొరికే అవకాశం ఉంటే నేను బారింగ్టన్‌ను పక్కన పెడతాను. 1819లో లండన్‌లో రెండు సంపుటాలుగా వచ్చింది. వాక్స్ ఆస్ట్రేలియాకు మూడుసార్లు శిక్ష మీద వెళ్ళాడు: 1801లో, 1810లో, మళ్ళీ 1831లో, మూడోసారి మారుపేరుతో. మొదటి విడతలో గవర్నర్ కింగ్ ఇంగ్లండుకు వెళ్ళే ఓడలోనే తిరిగి వెళ్ళాడు. అంత దగ్గరగా అధికారుల్ని చూసినవాడు, వాళ్ళ లెక్కల పుస్తకాలు రాసిపెట్టినవాడు, మళ్ళీ మళ్ళీ దొంగతనానికే దిగాడు.

రెండో విడతలో న్యూకాజిల్ బొగ్గుగనుల దగ్గర శిక్ష అనుభవిస్తూ దొంగల రహస్య భాషకు ఒక నిఘంటువు తయారుచేసి అక్కడి అధికారికి అంకితమిచ్చాడు. ఆస్ట్రేలియాలో కూర్చిన తొలి నిఘంటువుగా చెప్పేది దాన్నే. పోలీసును దొంగలు ఏమంటారు, కాజేసిన మూటను ఏమంటారు, ద్వీపాంతరం పోయినవాడిని ఏమంటారు, అన్నీ వరుసగా అకారాది క్రమంలో, నింపాదిగా, మెజిస్ట్రేటుకు పనికొస్తుందన్న వినయం ఒలకబోస్తూ రాశాడు. ఆ వినయం వెనక ఉన్న కొంటెతనం పట్టుకోవడమే ఈ పుస్తకం చదవడంలో సగం ఆనందం. న్యాయాధికారి బారన్ ఫీల్డ్ చొరవతో రాతప్రతి లండన్ చేరింది.

వాక్స్ చెప్పినవన్నీ నమ్మాలని కాదు. తనను తాను మెచ్చుకోవడంలో ఏమాత్రం మొహమాటపడడు, పశ్చాత్తాపాన్ని అవసరాన్ని బట్టి వాడుకుంటాడు. కానీ అబద్ధం కూడా అతను చెప్పిందే. లండన్ కొట్లో కూర్చున్న గుమస్తా అల్లింది కాదు. పుస్తకానికి డబ్బు పెట్టేవాడికి ఈ తేడా పెద్దది.

కొనేటప్పుడు రెండు సంపుటాలూ ఒకే జోడీవా కాదా చూడండి. వేర్వేరు చోట్ల దొరికిన సంపుటాలకు ఒకేరకం తోలు బైండింగు చేయించి జోడీగా అమ్మడం ఈ వ్యాపారంలో పాత విద్య. పుటల అంచుల కొలత, కాగితం రంగు, లోపల పాత యజమాని సంతకాలు పోల్చితే బయటపడుతుంది. రెండో సంపుటం చివర నిఘంటువు మొత్తం ఉందో లేదో ఆఖరి పుట దాకా తిప్పండి. భాషాశాస్త్రం వాళ్ళు ఆ భాగాన్ని విడదీసి పట్టుకుపోయిన ప్రతులు కూడా ఉండకపోవు. 1820ల చివర్లో ఆత్మకథల వరుసలో ఒకే సంపుటంగా మళ్ళీ వచ్చిన ముద్రణను చూసి తొలిదని భ్రమపడకండి. తొలిది రెండు సంపుటాలు, 1819, అంతే.

హోబర్ట్ అచ్చు: ఆశ పడవచ్చు, అంతకుమించి కాదు

ఖైదీ రాసి, ఖైదీల గడ్డ మీదే అచ్చయిన పుస్తకం కావాలంటే చూపు టాస్మానియా వైపు తిప్పాలి. అప్పటి పేరు వాన్ డీమెన్స్ ల్యాండ్. 1818లో హోబర్ట్‌లో ఆండ్రూ బెంట్ అచ్చువేసిన మైఖేల్ హౌ కథను ఆస్ట్రేలియాలో అచ్చయిన తొలి సాహిత్య పుస్తకంగా లెక్కిస్తారు. అడవుల్లో దాగి దోపిడీలు చేసిన హౌ కథ అది. రాసిన థామస్ వెల్స్ ఖైదీ, అచ్చువేసిన బెంట్ ఖైదీ, కథానాయకుడూ ఖైదీయే. ఇంత ముచ్చటైన కలయిక ఇంకోటి లేదు. మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ప్రతులు. కాబట్టి దాని గురించి ఇంకేమీ చెప్పను.

హెన్రీ సేవరీ కథ వేరు. బ్రిస్టల్‌లో చక్కెర వ్యాపారి. దొంగ హుండీలు సృష్టించిన నేరానికి 1825లో ఉరిశిక్ష పడి, అది ద్వీపాంతరంగా మారింది. 1829లో మారుపేరుతో హోబర్ట్ సమాజం మీద వ్యంగ్య వ్యాసాలు పత్రికలో రాశాడు. తర్వాత అవి పుస్తకంగా వచ్చాయి. 1830–31లో హెన్రీ మెల్విల్ ప్రచురించిన అతని మూడు సంపుటాల నవల ‘క్వింటస్ సర్వింటన్’ ఆస్ట్రేలియాలో పుస్తకరూపంలో వచ్చిన తొలి నవల. దాని మీద రచయిత పేరు లేదు. సేవరీ మళ్ళీ అదే నేరానికి పట్టుబడి 1842లో టాస్మానియాలోని ఖైదీల శిబిరం పోర్ట్ ఆర్థర్‌లో చనిపోయాడు. ఎదురుగా ఉన్న చిన్న దీవిలో పూడ్చిపెట్టారు.

ఈ నవల మూడు సంపుటాలూ చెక్కుచెదరకుండా బజారులోకి రావడం అంటే వార్త. ఇది పెద్ద గ్రంథాలయాలూ కోటీశ్వరులూ పోటీపడే సరుకు. హోబర్ట్ అచ్చు మీద మనసు పడ్డ మామూలు సంపాదనపరుడికి నేను చెప్పేది ఒకటే: ఆ పత్రిక పాత సంచికలు ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయంవారి ‘ట్రోవ్’ వెబ్‌సైటులో ఉచితంగా చదవవచ్చు. సేవరీ వ్యాసాలు వచ్చిన రోజు పక్క కాలంలో ఏ గొర్రెల అమ్మకం ప్రకటన ఉందో కూడా కనిపిస్తుంది. డబ్బు మాత్రం ఇంకోచోట పెట్టండి.

అమెరికా తిరిగి వెళ్ళినవాళ్ళు: ఎవరూ పెద్దగా పట్టించుకోని గని

నా ఓటు ఈ అరకే. 1838లో కెనడాలో బ్రిటిష్ పాలన మీద జరిగిన తిరుగుబాట్లలో పట్టుబడినవాళ్ళలో చాలామంది న్యూయార్క్ సరిహద్దు జిల్లాల అమెరికన్లు. వాళ్ళను వాన్ డీమెన్స్ ల్యాండ్‌కు పంపారు. క్షమాభిక్ష దొరికో, తప్పించుకునో ఇంటికి చేరినవాళ్ళు ఊరుకోలేదు. ఏ ఊరికి వెళితే ఆ ఊరి ముద్రణాలయంలో తమ కథ అచ్చు వేయించుకున్నారు. బెంజమిన్ వెయిట్ లేఖలు 1843లో బఫలోలో వచ్చాయి. స్టీఫెన్ రైట్ కథ 1844లో న్యూయార్క్‌లో, లైనస్ మిల్లర్‌ది 1846లో ఫ్రెడోనియా అనే చిన్న ఊళ్ళో, శామ్యూల్ స్నో కథ అదే ఏడు క్లీవ్‌లాండ్‌లో, రాబర్ట్ మార్ష్‌ది 1847లో మళ్ళీ బఫలోలో, విలియం గేట్స్‌ది 1850లో లాక్‌పోర్ట్‌లో.

వీటికి పారమటా గ్లామర్ లేదు. అచ్చు మొరటు, కాగితం చవక, గోధుమరంగు మచ్చలు లేని ప్రతి దొరకడం కష్టం. కానీ చెయ్యి ఎవరిదన్న అనుమానం చాలా తక్కువ. కోపం పచ్చిగా ఉంటుంది. మిల్లర్ న్యాయశాస్త్ర విద్యార్థి. తన మీద జరిగిన విచారణను, ఓడ మీది తిండిని, రాళ్ళు లాగించిన మేస్త్రీలను ఒక్కొక్కరినీ కోర్టులో నిలబెట్టినట్టు నిలబెడతాడు. వెయిట్ పుస్తకంలో ఇంకో విశేషం ఉంది: అతని భార్య మరియా రాసిన ఉత్తరాలు. భర్తకు ఉరిశిక్ష పడినప్పుడు ఆమె గవర్నర్ జనరల్ దగ్గరికి ప్రయాణం చేసి, ప్రాణభిక్ష సంపాదించి, తర్వాత విడుదల కోసం ఇంగ్లండు దాకా వెళ్ళింది. చివరికి అతను 1842లో వాన్ డీమెన్స్ ల్యాండ్ నుంచి ఒక సహచరుడితో కలిసి చిన్న పడవలో సముద్రంలోకి పోయి, అమెరికన్ తిమింగిలాల వేట ఓడ ఎక్కి తప్పించుకున్నాడు. ఖైదీల పుస్తకాల్లో ఆడవాళ్ళ గొంతు ఇంత సూటిగా వినిపించేవి అరుదు. మిల్లరా, వెయిటా అంటే వెయిటే కొనమంటాను.

ఆ తిరుగుబాటులోనే పట్టుబడ్డ ఫ్రెంచి కెనడియన్లు 58 మందిని ‘బఫలో’ ఓడ 1840లో సిడ్నీ తెచ్చింది. కెనడా బే, ఎగ్జైల్ బే అన్న పేర్లు వాళ్ళ జ్ఞాపకమే. వాళ్ళలో లియాండ్ర్ దుషార్మ్ డైరీ 1845లో మాంట్రియల్‌లో ఫ్రెంచిలో వచ్చింది. ఫ్రెంచి వచ్చినవాళ్ళు దీన్ని వదలకూడదు.

ఇదే రాజకీయ వరుసలో జాన్ మిచెల్ ‘జైల్ జర్నల్’ను కూడా చేర్చాలి. ఐర్లండ్ తిరుగుబాటుదారు. 1848లో శిక్ష, 1853లో పరారీ, 1854లో న్యూయార్క్‌లో పుస్తకం. తర్వాతి కాలంలో డబ్లిన్‌లో మళ్ళీ మళ్ళీ వచ్చింది కాబట్టి పేరు విన్నవాళ్ళు ఎక్కువ, న్యూయార్క్ తొలి ముద్రణను గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. సంఘం పెట్టుకున్న పాపానికి 1834లో శిక్షపడ్డ టాల్‌పడిల్ పాలేర్లలో జార్జ్ లవ్‌లెస్ రాసిన చిన్న పుస్తకం 1837లో వచ్చింది. పలచని కరపత్రం లాంటిది. చిరగని ప్రతి దొరికితే అదృష్టమే.

మొదటి పుస్తకం కొనేవాళ్ళకు

ఇవేవీ కాకుండా ఒక్క పుస్తకంతో మొదలుపెట్టి చూద్దాం అనుకునేవాళ్ళకు పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగం మేలు. మార్టిన్ క్యాష్ కథ 1870లో హోబర్ట్‌లో మెర్క్యురీ ముద్రణాలయంలో వచ్చింది. పోర్ట్ ఆర్థర్ నుంచి తప్పించుకున్న దొంగ. కుక్కల్ని వరసగా కట్టేసిన సన్నని భూభాగాన్ని తప్పించి, మరో ఇద్దరితో నీళ్ళలో ఈదాడు. నెత్తిన పెట్టుకున్న బట్టల మూటల్ని కెరటాలు లాక్కుపోతే ముగ్గురూ దిసమొలతో ఒడ్డెక్కారు. కథ క్యాష్‌ది, కలం మరో మాజీ ఖైదీ జేమ్స్ లెస్టర్ బర్క్‌ది. ‘చెయ్యి ఎవరిది’ అన్న నా షరతు ఇక్కడ కొంచెం సడలుతుంది. అయినా చెప్పేవాడు ఎదురుగా కూర్చుని చెప్పాడు కాబట్టి క్షమించవచ్చు. తర్వాతి దశాబ్దాల్లో హోబర్ట్‌లోనే ఎన్నోసార్లు అచ్చయింది. అందులో తేదీ లేనివాటిని 1870 అని చెప్పి అమ్మేవాళ్ళున్నారు, జాగ్రత్త.

మార్క్ జెఫ్రీ పుస్తకం 1893లో లాన్‌సెస్టన్‌లో వచ్చింది. ఇతను సేవరీని పూడ్చిన దీవిలోనే కాటికాపరిగా ఒంటరిగా బతికి, తన గొయ్యి తానే తవ్వి సిద్ధంగా ఉంచుకున్న మనిషి. విలియం డెరిన్‌కోర్ట్ ‘ఓల్డ్ కన్విక్ట్ డేస్’ 1899లో లండన్‌లో ఫిషర్ అన్విన్ వేసింది. దాన్ని సవరించినవాడు లూయీ బెక్. నేను చెప్పినవాటిలో జేబుకు అన్నిటికంటే తేలిక ఇదే. బైండింగు గట్టిది, పూర్తి ప్రతి వెతికితే దొరుకుతుంది. అరుదైనదేమీ కాదు, కానీ చేతులు కాల్చుకోకుండా పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు.

ఖైదీల జీవితం మీద మార్కస్ క్లార్క్ రాసిన నవలను చాలామంది ఈ వరుసలో కలిపేస్తారు. 1874లో మెల్‌బోర్న్‌లో వచ్చిన దాని తొలి ముద్రణకు మంచి గిరాకీ ఉంది. అది గొప్ప నవలే, ఖైదీ రాసింది కాదు. ఈ అరలో దానికి చోటు లేదు.

అండమాన్ సంగతి

భారతదేశంలో ఉండి సేకరించాలనుకునేవాళ్ళు ఆస్ట్రేలియా దాకా పోనక్కరలేదు. అండమాన్ జైలు అనుభవాల మీద బరీంద్ర కుమార్ ఘోష్ ఇంగ్లీషు పుస్తకం 1922లో పుదుచ్చేరిలో ఆర్య కార్యాలయం వేసింది. సావర్కర్ మరాఠీ పుస్తకం 1927లో వచ్చింది. బిజయ్ కుమార్ సిన్హా అండమాన్ అనుభవాల పుస్తకం 1939 నాటిది. భగత్‌సింగ్ సహచరుడైన సిన్హా తర్వాతి కాలంలో హైదరాబాదులో స్థిరపడ్డారు. తెలుగు సేకర్తకు అందుకే దాని మీద మమకారం ఎక్కువ. ఇవన్నీ నాసిరకం కాగితం మీద అచ్చయినవి. ముట్టుకుంటే అంచులు పొడిరాలే ప్రతులే ఎక్కువ. వయసు తక్కువని చిన్నచూపు చూడకండి, బతికి బట్టకట్టిన మంచి ప్రతి దొరకడం కొన్నిసార్లు 1819 నాటి వాక్స్ కంటే కష్టం. అప్పటి కాగితం గుడ్డపీలికలతో చేసింది. రెండు శతాబ్దాలైనా ఫెళఫెళలాడుతుంది.

ప్రతిని చేతిలోకి తీసుకున్నాక

ముందు లోపలి శీర్షిక పుట చూడండి, తర్వాత దాన్ని మరచిపోండి. మోసం జరిగితే ఎక్కువగా ఆ పుటలోనే జరుగుతుంది. ఆ పుట కాగితానికీ, తర్వాతి పుటల కాగితానికీ తేడా ఉందా, కుట్టు దగ్గర జిగురుతో అతికించారా అన్నది చూడాలి. 1790ల మధ్య నుంచి బ్రిటిష్ కాగితంలో తయారైన ఏడు వాటర్‌మార్కుగా కనిపించడం మామూలు. పుటను వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. 1795 అని అచ్చయిన బారింగ్టన్‌లో 1794 కనిపిస్తే నిశ్చింత. 1801 కనిపిస్తే ఆ పుస్తకం తన వయసు దాచుకుంటోందన్నమాట.

బొమ్మలున్న పుస్తకంలో ఒక్కటి పోయినా విలువ బాగా తగ్గుతుంది. ఎవరో ఎప్పుడో చట్రం కట్టించుకోవడానికి కోసేసి ఉంటారు. కోసినవాడు ఎంత శుభ్రంగా కోసినా, ఎదుటి పుట మీద బొమ్మ నీడ మిగిలిపోతుంది. దశాబ్దాల పాటు ఒత్తుకున్న సిరా అక్కడ లేత గోధుమరంగు పక్షి ఆకారాన్ని అద్ది ఉంటుంది. నీడ ఉండి బొమ్మ లేకపోతే ఇంక బేరం ధర గురించే. నీడ లేకుండా బొమ్మ ఉన్నా అనుమానించండి, వేరే ప్రతి నుంచి తెచ్చి అతికించి ఉండవచ్చు.

తప్పొప్పుల పట్టిక, పుస్తకం పేరు మాత్రమే ఉండే మొదటి ఖాళీలాంటి పుట, చివర ప్రచురణకర్త ప్రకటనలు, ఇవి బైండరు చేతిలో మొదట పోయేవి. ఉంటే విలువ పెరుగుతుంది, లేకపోతే కొనకూడదని కాదు. మొదటి నుంచి ఉన్న సాదా అట్టల బైండింగు, వెన్ను పగిలినా సరే, కొత్త మెరుపు తోలుకంటే మిన్న. అమ్మకందారు ‘అందంగా కొత్త బైండింగు చేయించాం’ అని గర్వంగా చెబితే ధర తగ్గించమని అడగడానికి అదే మంచి సమయం.

వీటన్నిటికీ ప్రమాణం జాన్ ఫెర్గూసన్ గ్రంథసూచి: 1941 నుంచి 1969 దాకా ఏడు సంపుటాలుగా వచ్చి, 1900 వరకు ఆస్ట్రేలియాకు సంబంధించిన అచ్చు పుస్తకాలను లెక్కగట్టింది. ప్రతి మంచి వ్యాపారి జాబితాలోనూ ఫెర్గూసన్ సంఖ్య ఉంటుంది. ‘ఫెర్గూసన్‌కు కూడా తెలియదు’ అని రాస్తే అది నిజంగా అరుదైనదైనా కావచ్చు, పనికిరాని తర్వాతి ముద్రణైనా కావచ్చు. పుటల సంఖ్య, బొమ్మల సంఖ్య అందులో ఇచ్చినదానితో పోల్చి చూడండి.

ఇంకో ఉచిత సలహా: కొనబోయే పుస్తకం మరో ప్రతిని సిడ్నీలోని మిచెల్ గ్రంథాలయంలో చూసి రండి. డేవిడ్ స్కాట్ మిచెల్ అనే సేకర్త తన పుస్తకాలన్నీ రాష్ట్రానికి రాసిస్తే 1910లో తెరుచుకున్న గ్రంథాలయం అది. పాఠకుల కార్డు తీసుకుని అడిగితే తెచ్చి బల్ల మీద పెడతారు. దాన్ని తిప్పి చూసినవాడిని వ్యాపారి మాటలతో బోల్తా కొట్టించలేడు.

ఎక్కడ, ఎంతకు

వ్యాపారి దగ్గర ధర ఎక్కువ, కానీ పుస్తకం చెప్పినట్టు లేకపోతే తిరిగి తీసుకుంటాడు. వేలంలో ధర తక్కువ కావచ్చు. పాట ఖరారయ్యాక కొనుగోలుదారు రుసుము, పన్ను, రవాణా కలిసి లెక్క తలకిందులవుతుంది. మొదటి రెండు మూడు పుస్తకాలు వ్యాపారి దగ్గరే కొనండి. అమెరికా ఖైదీల కథలకు మాత్రం నేరుగా న్యూయార్క్ రాష్ట్రం, ఒంటారియో ప్రాంతాల పాత పుస్తకాల దుకాణాల్లో వెతకడం లాభం. అక్కడ వాటిని స్థానిక చరిత్రగా అమ్ముతారు. సిడ్నీ చేరాక అవే ఆస్ట్రేలియా అరుదైన గ్రంథాలు అవుతాయి, ధర కూడా ఆ మేరకు మారుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగువాళ్ళకు ఇది చక్కని అవకాశం.

ఆస్ట్రేలియాలో కొన్నదాన్ని ఇండియాకు తీసుకువెళ్ళాలంటే 1986 నాటి సాంస్కృతిక వారసత్వ సంరక్షణ చట్టం గుర్తుంచుకోండి. నిర్ణీత వయసూ విలువా దాటిన ఆస్ట్రేలియా సంబంధ పుస్తకాలకు ఎగుమతి అనుమతి కావాలి. డెరిన్‌కోర్ట్ లాంటి వాటితో చిక్కు రాదు. హోబర్ట్ తొలి అచ్చులకు అనుమతి రాకపోయినా ఆశ్చర్యం లేదు. కొనకముందే అడిగి తెలుసుకోవాలి.

విశాఖలోనో కాకినాడలోనో ఉంచుకునేవాళ్ళు గాలిలో తేమ సగానికి మించకుండా చూసుకోవాలి. చల్లని గదిలో, గోడకు ఆనించని అలమరలో పెట్టండి. పుటల మధ్య వేపాకు పెట్టే అలవాటు మానుకోండి, మరక పడుతుంది. బ్రౌన్ పేపరు అట్ట వేయడం, ఊడిన పుటను సెల్లోటేపుతో అతికించడం కూడా వద్దు. ఆమ్లం లేని అట్టపెట్టె ఒకటి చేయించి పుస్తకాన్ని అందులో పడుకోబెట్టి ఉంచండి.